ఇద్దరెక్కే రేసు పడవ: మీరడిగినవి, మేం చెప్పేవి

పోయిన నెల ఇదే పేజీలో ఒలింపిక్స్ నుంచి తీసేసిన ఆటల గురించి రాస్తూ, మధ్యలో ఒక్క లైను "స్టార్ అనే ఇద్దరెక్కే తెరచాప పడవ కూడా 2012 తర్వాత పోయింది" అని రాశాం. ఆ ఒక్క లైనుకి వచ్చినన్ని ఉత్తరాలు మిగతా పేజీ మొత్తానికి రాలేదు, సరే అని ఈసారి పేజీ అంతా దానికే ఇచ్చేస్తున్నాం. క్రికెట్ ప్రశ్నలు పంపినవాళ్ళు ఒక్క నెల ఓపిక పట్టండి, మీవి ఎక్కడికీ పోవు.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి): సార్, యూట్యూబ్‌లో ఒలింపిక్స్ పాత వీడియో ఒకటి చూశాను. పడవలో ఇద్దరున్నారు. ఒకాయన చుక్కాని పట్టుకుని కూర్చున్నాడు, రెండో ఆయన పడవ బయటికి మొత్తం వేలాడుతున్నాడు, వీపు నీళ్ళకి తగుల్తోంది. ఆయన అలా ఎందుకున్నాడు? పడిపోతే ఏంటి పరిస్థితి?

మీరు చూసింది స్టార్ పడవేనండీ. చుక్కాని దగ్గరున్న ఆయన స్కిప్పర్, వేలాడుతున్న ఆయన క్రూ. పడవ పొడవు 6.9 మీటర్లు, వెడల్పు 1.73 మీటర్లే, అంటే సన్నగా బారుగా ఉంటుంది, దాని మీద రెండు తెరచాపలు కలిపి 26.5 చదరపు మీటర్లు. ఈ సైజు పడవకి అంత చాప చాలా ఎక్కువ. ఓ మాదిరి గాలికే పక్కకి ఒరుగుతుంది, ఒరిగితే స్పీడు పోతుంది, కాబట్టి గాలి వచ్చే వైపు ఎవరో ఒకరు బయటికెళ్ళి తన బరువేసి దాన్ని నిటారుగా పట్టాలి, ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ మన క్రూనే.

ఆయన ఒంటికి హార్నెస్ ఉంటుంది. దానికో తాడు తగిలించుకుని, కాళ్ళు మోకాళ్ళ దగ్గర మడిచి పడవ అంచుకి మెలేసి, మిగతా ఒళ్ళంతా బయటికి జారవిడుస్తాడు. వచ్చిన ప్రతి కెరటమూ వీపు మీదో చెవిలోనో కొట్టి పోతుంది. దిశ మార్చాల్సి వచ్చిన ప్రతిసారీ లోపలికి లేచి, బూమ్ అని అడ్డంగా ఉండే కర్ర కింద నుంచి దూరి, అటు వైపు తాడు లాగి ముందు చాప బిగించి, మళ్ళీ బయటికి జారాలి, ఇదంతా రెండు మూడు శ్వాసల్లో అయిపోవాలి. పడితే మాత్రం స్కిప్పర్ వెనక్కి తిప్పి ఎక్కించుకోవాల్సిందే, ఆయన్ని వదిలేసి ఒక్కడే వెళ్ళి ఫినిష్ చేస్తానంటే కుదరదు, ఈలోపు మిగతావాళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటారు.

కామెంటరీలో, పేపర్లో, ఆఖరికి అభిమానుల నోట్లో కూడా స్కిప్పర్ పేరే వినిపిస్తుంది. ఇది నాకు ఎప్పుడూ నచ్చదు, అందుకే ఈ పేజీలో ఎవరి గెలుపు చెప్పినా వీలైనంత వరకు ఇద్దరి పేర్లూ చెప్తాను, చదవడానికి కాస్త బరువైనా భరించండి.

ప్రశ్న (చీరాల): కీల్‌బోట్ అంటున్నారు, మా వైపు పడవలకి అలాంటిదేం ఉండదు. కీల్ ఏం చేస్తుంది? ఇది తిరగబడదా?

పడవ అడుగున నిలువుగా కిందికి దిగిన ఒక రెక్క, దాని చివర ఇనుప ముద్ద, అదే కీల్. స్టార్ పడవ మొత్తం బరువు కనీసం 671 కేజీలు ఉండాలి, అందులో దాదాపు 400 కేజీలు ఈ కీలే. అడుగున బరువు పెట్టిన తంజావూరు బొమ్మని ఎటు తోసినా లేచి నిలబడుతుంది చూడండి, ఇదీ అదే లెక్క, అందుకే తిరగబడటం అరుదు. ఇంకో పని కూడా ఉంది, గాలి పక్కనుంచి తోస్తున్నప్పుడు పడవ పక్కకి జారిపోకుండా ఆ రెక్క నీళ్ళని అడ్డుకుంటుంది, దానివల్లే గాలికి ఏటవాలుగా ఎదురు వెళ్ళడం కుదురుతుంది. ఇబ్బందల్లా ఒడ్డుకి లాక్కురావడమే, మీ పడవల్ని ఇసుక మీదకి లాగినట్టు దీన్ని లాగలేం, క్రేన్‌తో ఎత్తాలి.

ప్రశ్న (నిజామాబాద్): దీన్ని ఎవరు కనిపెట్టారు? ఎన్నేళ్ళ నుంచి ఉంది?

1910లో న్యూయార్క్‌లో విలియం గార్డ్‌నర్ అనే నౌకా డిజైనర్ ఆఫీసులో గీశారు. గార్డ్‌నర్ మామూలు మనిషి కాదు, 1905లో అట్లాంటిక్ మహాసముద్రాన్ని 12 రోజుల 4 గంటల్లో దాటి 1980 దాకా రికార్డు నిలబెట్టిన 'అట్లాంటిక్' అనే భారీ తెరచాప ఓడ ఆయన డిజైనే. అలాంటి ఓడలు కోటీశ్వరులవి. ఆయన ఆఫీసులోనే పనిచేసే ఫ్రాన్సిస్ స్వీస్‌గుత్ చేతిమీదుగా ఈ చిన్న పడవ డ్రాయింగ్ వచ్చింది. అంతకుముందు లాంగ్ ఐలాండ్ వైపు 'బగ్' అని ఇంకా చిన్న పడవ ఒకటుండేది, రేసులు బాగానే ఉండేవి గానీ ఎక్కినవాడు తడిసి ముద్దయ్యేవాడు, కాస్త పెద్దది కావాలని జార్జ్ కోరీ లాంటివాళ్ళు వెంటపడితే అదే ఆకారాన్ని సాగదీసి స్టార్ చేశారు. 1910-11 చలికాలంలో పోర్ట్ వాషింగ్టన్ ఊళ్ళో ఐజాక్ స్మిత్ అనే పడవల మేస్త్రీ మొదటి 22 పడవలు కట్టాడు, 1911లో నీళ్ళలోకి దిగాయి.

అడుగు భాగం చూస్తే గుండ్రంగా నునుపుగా ఉండదు, పక్కల్లో మడత పెట్టినట్టు కోణం ఉంటుంది, ఎందుకంటే పలకలు వంచి కట్టడం సులువు, ఖర్చు తక్కువ. మధ్యతరగతి వాడు కొనుక్కుని రేసు చెయ్యాలన్నదే అప్పటి ఆలోచన. (ఇప్పుడు కొత్త స్టార్ ధర అడక్కండి, ఆ ఆలోచన ఎప్పుడో పోయింది.)

అసలు తెలివి పడవలో కంటే దాని చుట్టూ కట్టిన సంఘంలో ఉందని నా అభిప్రాయం. 1922లోనే అసోసియేషన్ పెట్టారు. ఏ ఊళ్ళో పడవలుంటే ఆ ఊరి వాళ్ళని ఒక 'ఫ్లీట్'గా, ఫ్లీట్లని కలిపి జిల్లాలుగా చేశారు. తయారైన ప్రతి పడవకీ వరస నంబరు ఇస్తూ పోయారు, ఆ నంబర్లు ఇప్పుడు 8500 దాటాయి, ఒకటో నంబరు దగ్గర్నుంచి ఒకే వరస. 1923 నుంచి ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలుపెట్టారు. ప్రపంచ చాంపియన్ అయినవాడి పెద్ద చాప మీద క్లాసు (ఒకే కొలతలతో కట్టే పడవల రకాన్ని అలా అంటారు) గుర్తయిన నక్షత్రం బంగారు రంగులో ఉంటుంది, ఆ హక్కు జీవితాంతం ఉంటుంది, అంటే పక్క పడవవాడు ఎప్పుడో గెలిచిన ముసలాయనే అయినా స్టార్ట్ లైను దగ్గర ఆ రంగు చూసి మీ గుండె ఒకసారి జారుతుంది.

ప్రశ్న (అదే ఉత్తరంలో రెండోది): మరి అంత పాత డిజైన్‌తో ఇప్పటికీ ఎలా ఆడుతున్నారు?

పాతది పడవ ఒళ్ళు మాత్రమే, పైనున్నదంతా మూడు నాలుగు తరాలు మారిపోయింది. 1911లో పైన వాలుకర్ర ఉండే పాతకాలపు చాప, 1920ల మొదట్లో దాన్ని తీసేసి మూడు కోణాల చాప పెట్టారు, దశాబ్దం చివరికొచ్చేసరికి కొయ్య, అంటే చాపని మోసే నిలువు స్తంభం, ఇంకా పొడుగైంది. ఇక వాల్టర్ ఫాన్ హుట్‌ష్లర్ అనే ఆయన 'పిమ్' అనే తన పడవతో వచ్చి 1938లో శాన్ డీగోలో, 1939లో జర్మనీలోని కీల్ అనే నగరంలో వరసగా ప్రపంచ టైటిళ్ళు కొట్టాడు. అప్పటిదాకా కొయ్య ఎంత గట్టిగా, కదలకుండా ఉంటే అంత మంచిదని అందరి నమ్మకం. ఈయన కొయ్య వంగేది. గాలి పెరిగినప్పుడు కొయ్య వంగితే చాప కడుపు పలచనై అనవసరమైన బలం వదిలేస్తుంది, గాలి తగ్గితే మళ్ళీ నిటారుగా నిలబడి కడుపు నింపుకుంటుంది, తాళ్ళతో అది ఎప్పుడు ఎంత వంగాలో నడిపిస్తూ పోతే ఒకే చాపతో అన్ని గాలులకీ పని జరుగుతుంది. ఈరోజు రేసు పడవలన్నీ చేసేది ఇదే.

1960ల్లో చెక్క పోయి ఫైబర్ గ్లాస్ వచ్చింది, కొయ్యలు అల్యూమినియం అయ్యాయి. పడవ కొలతలు మాత్రం కదిలించలేదు. వంగే కొయ్య, లాగే తాళ్ళు ఇన్ని ఉండబట్టే చాపలు కుట్టేవాళ్ళందరికీ ఇదే ప్రయోగశాల అయింది. ఈరోజు ప్రపంచమంతా వాడే నార్త్ సెయిల్స్ కంపెనీ పెట్టిన లోవెల్ నార్త్ ఈ క్లాసులోనే పండిపోయిన మనిషి, 1968లో ఆకపుల్కోలో పీటర్ బారెట్‌తో కలిసి ఒలింపిక్ గోల్డ్ కూడా కొట్టాడు.

ప్రశ్న (కరీంనగర్): అన్నా, నా వెయిట్ 108 కేజీలు. ఏ స్పోర్ట్స్‌కి పోయినా తగ్గి రమ్మంటున్నరు. మీరు రాసింది సదివినంక, గీ పడవల నాకు సెట్ అయితదా అనిపించింది, నిజం చెప్పుర్రి.

అయితది తమ్ముడూ, మస్తుగ అయితది. ఈ ఆటలో క్రూ బరువే ఇంజన్. ఒకప్పుడు లిమిటే లేదు, బరువు కోసం తడి స్వెట్టర్లు మీద మీద తొడుక్కునేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు, ఇప్పుడు రూల్ వచ్చింది. స్కిప్పర్ బరువుని 100 లోంచి తీసెయ్యి, మిగిలినదాన్ని ఒకటిన్నరతో భాగించి 100 కలుపు, అది క్రూ ఉండదగ్గ గరిష్ఠ బరువు. స్కిప్పర్ 85 ఉంటే 15 మిగిలింది, భాగిస్తే 10, క్రూ 110 దాకా ఉండొచ్చు. స్కిప్పర్ 100 ఉంటే క్రూ కూడా 100కే ఆగాలి. నీ లెక్కకి నీ స్కిప్పర్ 88 దాటకూడదు, అంతే.

కాకపోతే కొవ్వుతో పని జరగదు. అలా వేలాడాలంటే పొట్ట కండరాలు, తొడలు ఇనుములా ఉండాలి, పైగా లేచి దూరి మళ్ళీ జారాలి. పెద్ద పెద్ద క్రూలంతా జిమ్‌లో పుట్టి పెరిగినట్టుంటారు. ముందు ఈత నేర్చుకో.

ప్రశ్న (రాజమండ్రి): వెనక గాలి వచ్చినప్పుడు వేరే పడవలు ముందు రంగురంగుల పెద్ద చాప ఎగరేస్తాయి, స్టార్‌కి ఎందుకు లేదు?

ఆ బెలూన్ లాంటిదాన్ని స్పిన్నకర్ అంటారు, స్టార్‌కి రూల్ ప్రకారమే లేదు. బదులుగా ముందున్న చిన్న చాపని, అంటే జిబ్‌ని, ఒక పొడుగు కర్రతో పక్కకి తోసి పెడతారు. పెద్ద చాప ఒక వైపు, జిబ్ ఇంకో వైపు, చూడ్డానికి రెక్కలు చాపినట్టుంటుంది. అప్పుడే ఇంకో విచిత్రం చేస్తారు, కొయ్య మొత్తాన్నీ ముందుకి వాలుస్తారు, మొదటిసారి చూసినవాళ్ళు అది విరిగిపోతోందని కేక పెడతారు.

ఒక్కోసారి నిజంగానే విరుగుతుంది. ఆ కొయ్యని వెనక నుంచి పట్టి ఉంచే తాళ్ళు కుడికొకటి ఎడమకొకటి ఉంటాయి, చాప వైపు మారిన ప్రతిసారీ ఒకటి వదిలి ఇంకోటి బిగించాలి. గాలి గట్టిగా ఉన్నప్పుడు ఒక్క క్షణం లేటైందా, కొయ్య రెండు ముక్కలు. అలా తాళ్ళ తప్పో, కొయ్యే తట్టుకోలేకపోవడమో, రెండింటిలో ఏదైనా రేసు అక్కడితో అయిపోయినట్టే. 1988 సియోల్ ఒలింపిక్స్ పడవ పోటీలు బుసాన్ తీరంలో జరిగాయి, అక్కడ చివరి రేసులో అమెరికా జంట మార్క్ రేనాల్డ్స్, హాల్ హేనెల్ కొయ్య విరిగింది, చేతిదాకా వచ్చిన గోల్డ్ బ్రిటన్ వాళ్ళకి, మైక్ మెకింటైర్, బ్రిన్ వైల్‌కి పోయింది. అదే రేనాల్డ్స్, హేనెల్ నాలుగేళ్ళ తర్వాత బార్సిలోనాలో గోల్డ్ కొట్టారు, 2000లో సిడ్నీలో రేనాల్డ్స్ ఈసారి మాగ్నస్ లిల్యెడాల్‌తో మళ్ళీ కొట్టాడు.

ప్రశ్న (భీమవరం): ఇది పెద్ద దేశాల ఆటేనా? చిన్న దేశాలెవరైనా గెలిచారా?

బహామాస్ పేరు విన్నారా, ఫ్లోరిడా పక్కన చిన్న చిన్న దీవులు. వాళ్ళకి ఒలింపిక్స్‌లో వచ్చిన మొట్టమొదటి గోల్డ్ ఈ పడవ మీదే. 1964 టోక్యో, పడవ పోటీలు ఎనోషిమాలో, గెలిచింది డర్వార్డ్ నోల్స్, సిసిల్ కుక్. అప్పటికి బహామాస్‌కి పూర్తి స్వాతంత్ర్యం కూడా రాలేదు, అది 1973లో వచ్చింది.

నోల్స్ గురించి రెండు మాటలు ఎక్కువే చెప్పాలి. నసావ్ ఓడరేవులో పైలట్ ఆయన, అంటే బయటి నుంచి వచ్చే పెద్ద ఓడల్ని జాగ్రత్తగా లోపలికి తీసుకొచ్చే ఉద్యోగం. 1947లో స్లోన్ ఫారింగ్టన్‌తో కలిసి ప్రపంచ చాంపియన్ అయ్యాడు, 1948 ఒలింపిక్స్‌కి వెళ్ళాడు గానీ అప్పుడు బ్రిటన్ తరఫున, పతకం రాలేదు. 1952 నుంచి బహామాస్ తరఫున. 1956లో మెల్‌బోర్న్‌లో అదే ఫారింగ్టన్‌తో బ్రాంజ్. ఆ తర్వాత ఎనిమిదేళ్ళకి గోల్డ్. 1972 దాకా ఒక్క ఒలింపిక్స్ కూడా వదల్లేదు. అక్కడితో అయిపోయిందనుకుంటే 1988లో 70 ఏళ్ళ వయసులో మళ్ళీ వచ్చాడు, అదే బుసాన్‌లో, ఆ కొయ్యలు విరిచే గాలిలో. మొత్తం ఎనిమిది ఒలింపిక్స్. 2018లో నూరేళ్ళు నిండాకే కన్నుమూశాడు.

ప్రశ్న (మచిలీపట్నం): తండ్రీ కొడుకులు ఒకే పడవలో గెలిచారని ఎక్కడో చదివాను, నిజమా?

నిజమే, 1948 లండన్ ఒలింపిక్స్, పడవ పోటీలు టార్కీలో. గోల్డ్ అమెరికాది, స్కిప్పర్ కొడుకు హిలరీ స్మార్ట్, క్రూ తండ్రి పాల్ స్మార్ట్. అంటే కొడుకు చుక్కాని పడితే 56 ఏళ్ళ నాన్న చెప్పింది చేశాడన్నమాట. సిల్వర్ క్యూబాకి, వాళ్ళూ తండ్రీకొడుకులే, ఇద్దరి పేరూ కార్లోస్ దె కార్దెనాసే, అయితే అక్కడ నాన్న స్కిప్పర్, కొడుకు క్రూ. మన ఇళ్ళలో ఏది జరుగుతుందో మీకు తెలుసు.

ఇంకో తండ్రీకొడుకుల ముచ్చట 1984ది. స్టార్‌లో బిల్ బుకన్ అని అమెరికా స్కిప్పర్, క్రూ స్టీవ్ ఎరిక్సన్, గోల్డ్ కొట్టారు. అదే ఒలింపిక్స్‌లో ఆయన కొడుకు కార్ల్ బుకన్, జొనాథన్ మెకీతో కలిసి ఫ్లయింగ్ డచ్‌మన్ అనే వేరే పడవలో గోల్డ్ కొట్టాడు. ఇక మొగుడూ పెళ్ళాల లెక్క అడిగితే, 1951లో ప్రపంచ చాంపియన్లు స్కిప్ ఎచెల్స్, ఆయన భార్య మేరీ ఎచెల్స్, క్రూ ఆవిడే.

ప్రశ్న (గుంటూరు): పాయింట్లు ఎలా లెక్కేస్తారు? ముందొచ్చినవాడు గెలిచినట్టేగా?

ఒక్క రేసుతో అయ్యేది కాదండీ, రోజుల తరబడి చాలా రేసులు పెడతారు. ఫస్టొస్తే 1 పాయింటు, రెండొస్తే 2, అలా, చివరికి ఎవరికి తక్కువ ఉంటే వాళ్ళు విన్నర్. ఒక చెత్త రేసు లెక్కలోంచి తీసేస్తారు. 2008 నుంచి ఒలింపిక్స్‌లో ఆఖర్న మెడల్ రేసు అని పెట్టారు, టాప్ 10 పడవలే, పాయింట్లు డబుల్, తీసెయ్యడానికి లేదు.

దీని దెబ్బ ఏంటో 2012 చూస్తే తెలుస్తుంది. లండన్ ఒలింపిక్స్, వేమత్ తీరం. మెడల్ రేసుకి ముందు బ్రిటన్ జంట ఇయాన్ పెర్సీ, ఆండ్రూ సింప్సన్ 18 పాయింట్లతో పైనున్నారు, 2008 గోల్డ్ కూడా వాళ్ళదే, సొంత దేశం, ఒడ్డు నిండా జనం. బ్రెజిల్ వాళ్ళు రాబర్ట్ షైట్, బ్రూనో ప్రాడా 26. స్వీడన్ వాళ్ళు ఫ్రెడ్రిక్ లోఫ్, మాక్స్ సాల్మినెన్ 30. స్వీడన్ రేసు గెలిచింది, డబుల్ చేస్తే 2, మొత్తం 32. బ్రిటన్ వాళ్ళకి ఆరో స్థానం వచ్చినా 30తో గోల్డే. వచ్చింది ఎనిమిది. 16 కలిస్తే 34, సిల్వర్. వారం రోజులు బాగా ఆడినవాడు ఒక్క మధ్యాహ్నం గాలి తిరిగితే పోవడం న్యాయమా అంటే, టీవీకి న్యాయమే, నాకు కాదు.

ఆ సింప్సన్ తర్వాతి ఏడాది మే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కోలో అమెరికాస్ కప్ అనే పెద్ద తెరచాప పోటీకి ప్రాక్టీసులో వేరే భారీ పడవ తిరగబడి చనిపోయాడు. స్టార్‌లో ఆయన క్రూ.

ప్రశ్న (హైదరాబాద్): ఇంత గొప్పదైతే ఒలింపిక్స్ లోంచి ఎందుకు తీసేశారు? ఏదో లోపం ఉండే ఉంటుంది.

మీ అనుమానంలో తప్పులేదు. 1932 లాస్ ఏంజిలిస్‌లో మొదలైంది, గిల్బర్ట్ గ్రే, ఆండ్రూ లిబానో మొదటి గోల్డ్, 2012 దాకా నడిచింది, మధ్యలో ఒక్క 1976 తప్ప.

ముందు ఆ 1976 సంగతి చెప్తా. ఇయాన్ ప్రాక్టర్ డిజైన్ చేసిన టెంపెస్ట్ అని ఇద్దరెక్కే కొత్త కీల్‌బోట్ వచ్చింది, చురుకైనది, స్పిన్నకర్ ఉంది, క్రూ తీగకి వేలాడి నిలబడతాడు. 1972లో రెండూ ఉన్నాయి. 1976లో స్టార్‌ని పక్కనపెట్టి టెంపెస్ట్‌నే ఉంచారు. ఆ పోటీలు కెనడాలో కింగ్‌స్టన్ దగ్గర ఒంటారియో సరస్సులో. బ్రిటన్ వాళ్ళు అలన్ వారెన్, డేవిడ్ హంట్, 1972లో సిల్వర్ కొట్టినవాళ్ళే, ఈసారి పడవ అసలు కదల్లేదు, పద్నాలుగో స్థానం. ఆఖరి రేసు అవగానే ఏం చేశారో తెలుసా, సరస్సు మధ్యలోనే పడవకి నిప్పంటించేశారు! 'గిఫ్ట్ హార్స్' దాని పేరు. కాలి మునిగిపోయింది. ఆ ఒలింపిక్స్ తర్వాత టెంపెస్ట్ కూడా ఒలింపిక్స్ లోంచి పోయింది, 1980లో మళ్ళీ స్టారే వచ్చింది. 1972లో విటాలీ డిర్డిరాతో టెంపెస్ట్ గోల్డ్ కొట్టిన సోవియట్ స్కిప్పర్ వాలెంటిన్ మాన్కిన్, 1980లో టాలిన్‌లో ఆలెక్సాండ్ర్స్ ముజీచెంకోతో స్టార్ గోల్డ్ కూడా కొట్టాడు, పడవ మారినా ఆయన మారలేదు. 1968లో ఒక్కడే నడిపే ఫిన్‌లో కూడా ఆయనదే గోల్డ్.

రెండోసారి 2011లో తీసేశారు, 2016 రియోకి లేదని. పతకాల సంఖ్యకి లిమిట్ ఉంది, ఆడవాళ్ళ పోటీలు పెంచాలి, కుర్రాళ్ళకి నచ్చే స్పీడు పడవలు కావాలి, ఖర్చు తగ్గాలి. ఇందులో ఏదీ అబద్ధం కాదు. స్టార్ ఖరీదైనదే, బరువైనదే, మగవాళ్ళదే అయిపోయింది. ఆడవాళ్ళ పోటీలు పెంచడం నాకు పూర్తిగా సబబే అనిపిస్తుంది. కానీ రియోకే తియ్యడం చూడండి, బ్రెజిల్ వాళ్ళకి ఈ పడవంటే ప్రాణం. టార్బెన్ గ్రేల్, మార్సెలో ఫెరేరా 1996, 2004 గోల్డ్‌లు, 2000 బ్రాంజ్, షైట్, ప్రాడా 2008 సిల్వర్, 2012 బ్రాంజ్. సొంత గడ్డ మీద ఆట పెట్టి చేతిలో బ్యాటు లాక్కున్నారు. అయితే టార్బెన్ కూతురు మార్టిన్ గ్రేల్ అదే రియోలో కహేనా కున్జేతో కలిసి, కొత్తగా ఆడవాళ్ళ కోసం పెట్టిన 49ఇఆర్ ఎఫ్ఎక్స్ పడవలో గోల్డ్ కొట్టింది.

తీసేశాక చచ్చిపోతుందన్నారు, చావలేదు. స్టార్ సెయిలర్స్ లీగ్ అని పెట్టుకుని 2013లో నసావ్‌లోనే, మన నోల్స్ గారి ఊళ్ళోనే, మొదటి ఫైనల్స్ ఆడుకున్నారు. ఇక 2015 ప్రపంచ చాంపియన్ ఎవరంటే టార్బెన్ తమ్ముడు లార్స్ గ్రేల్, క్రూ సామ్యూల్ గొన్సాల్వెస్, బ్యూనస్ ఎయిర్స్‌లో. 1998లో ఒక మోటారు బోటు దూసుకొచ్చి గుద్దితే లార్స్ కుడి కాలు పోయింది. ఒంటికాలితో చుక్కాని పట్టుకుని, రెండు కాళ్ళున్న ప్రపంచాన్నంతా ఓడించాడు. కొత్త స్పీడు పడవల్లో గంతులెయ్యాలి, ఈ బరువు పడవలో వయసైనవాడికీ, కాలు పోయినవాడికీ కూడా చోటుంది. లోపమని మీరన్నదాంట్లోనే ఈ సుగుణం కూడా ఉంది మరి.

ప్రశ్న (సికింద్రాబాద్): హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవలు చూస్తుంటాం, అవి స్టార్లేనా?

కాదండీ. అక్కడ మీకు కనిపించేవి ఎక్కువగా లేజర్లు, పిల్లలవైతే ఆప్టిమిస్టులు. లేజర్ ఒక్కరే నడిపే తేలికపాటి పడవ, కీల్ ఉండదు, బరువంతా మనిషిదే. అయితే పైన చెప్పిన రాబర్ట్ షైట్ స్టార్‌లోకి రాకముందు ఆడింది ఆ లేజర్‌లోనే, 1996లో, 2004లో గోల్డ్, మధ్యలో 2000లో సిల్వర్. సాగర్‌లో ఎవరైనా కుర్రాడు కష్టపడుతుంటే తక్కువగా చూడకండి.

ప్రశ్న (న్యూజెర్సీ, అమెరికా): మేం ఇక్కడే ఉంటాం, లాంగ్ ఐలాండ్ దగ్గరే. పిల్లల్ని తీసుకెళ్ళి నిజం స్టార్ రేసు చూపించాలంటే ఎక్కడికెళ్ళాలండీ?

పుట్టినిల్లు పోర్ట్ వాషింగ్టన్ మీకు డ్రైవ్ దూరమే, సరదాగా ఆ తీరం చూసి రావచ్చు. కానీ రేసు చూడాలంటే నా సలహా మయామీ. బకార్డీ కప్ అని 1927లో క్యూబాలో హవానాలో మొదలైంది, అక్కడ విప్లవం వచ్చాక 1960ల మొదట్లో మయామీకి మారిపోయింది, అప్పటి నుంచి బిస్కేన్ బేలో, మార్చి నెలలో. ప్రపంచ చాంపియన్లు, వారాంతం సరదాగా ఆడేవాళ్ళు ఒకే లైన్లో స్టార్ట్ అవుతారు. కోకోనట్ గ్రోవ్ వైపు ఒడ్డున పొద్దున్నే నిలబడితే పడవల్ని క్రేన్‌తో ఎత్తి నీళ్ళలో దించడం చూపించొచ్చు, పిల్లలకి రేసు కంటే అదే ఎక్కువ నచ్చుతుంది, కీల్ మొత్తం కనబడుతుంది కదా. రేసు మాత్రం ఒడ్డుకి దూరంగా జరుగుతుంది, మంచి బైనాక్యులర్స్ పట్టుకెళ్ళండి, టోపీలు మర్చిపోకండి.